పేర్లు అడిగే ఆపా

మొన్న వనపర్తి బస్టాండులో ఒకాయన నన్ను ఆపి, "అమ్మా, ఉర్దూ కాగితాలు చదివే ఆపా ఇల్లెక్కడ?" అని అడిగాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడతలు పడ్డ పాత కాగితం. ఇటిక్యాల నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చాడట. ఆపా పోయిందని చెప్పాను. ఆయన కవరు చూసుకుని, "మరి ఇప్పుడెవరు చదువుతరు?" అన్నాడు. నాకు చిరాకేసింది. మనిషి పోయిందంటే ముందు అయ్యో అనాలి గదా. తీరా బస్సులో కూర్చున్నాక అనిపించింది, ఆపా ఉంటే ఆయన తరఫునే మాట్లాడేదని. "కాగితం తెచ్చినోడు కాగితం గురించే అడుగుతడు బేటీ, నా తబియత్ ఎట్లుందని అడుగుతడా?" అనేది.

ఆపా ఉర్దూ మీడియం బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. నిజాం కాలం నాటి దస్తావేజుల్లో ఉర్దూ అచ్చుపుస్తకాల్లో ఉన్నట్టు ఉండదు. గుమాస్తాలు కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసుకుంటూ పోయారు, చుక్కలు పెట్టడానికి కూడా బద్ధకించారు. ఉర్దూ బాగా వచ్చినవాళ్లే వాటిని చూసి చేతులెత్తేస్తారు. ఆపా తండ్రి ఏదో దఫ్తరులో ఇలాంటివే రాసేవాడట. ఆయనకు చూపు మందగించాక పాత కాగితాలు చదివి వినిపించే పని ఈమె మీద పడింది. అలా అబ్బిన విద్య. దాని గురించి ఆమెకు వినయం బొత్తిగా లేదు. "గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈడ ఏడనన్న నా లెక్క చదివేటోళ్లు ఇంకొకరుంటే చూపెట్టు, నేను కండ్లద్దాలు పక్కన పెడ్త" అనేది.

చదివే ముందు ఆమె పట్టింపులు ఆమెకుండేవి. చేతులు కడుక్కుని కొంగుతో పొడిగా తుడుచుకోవాలి. కాగితం బయట ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ చాయ్ ముట్టకూడదు. మొట్టమొదట కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "ఇది బియ్యం డబ్బల పెట్టిండ్రు" అనో, "ఇది అటుక మీద ఉండె" అనో చెప్పేది. తెచ్చినవాళ్లు నిజమేనని నోరు తెరిస్తే, చూశావా అన్నట్టు నా వైపు కళ్లెగరేసేది. కొన్నిసార్లు తప్పయ్యేది. అప్పుడు "మీకేం తెల్సు, మీ తాతను అడగాలె" అని దబాయించేది. ఫోన్లో ఫోటో తీసి పంపిస్తామంటే మాత్రం ససేమిరా ఒప్పుకునేది కాదు.

పోయినవాళ్ల గురించి ఎప్పుడూ ఎదురుగా కూర్చున్నవాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. "ఈయన మంచోడే, కోడలికి బర్రెను రాస్తుండు. జర కోపం ఎక్కువ. చిన్న కొడుకును ఎట్ల తిడుతుండో సూడు." రాసిన గుమాస్తాలనూ వదిలేది కాదు. "ఈడు ఆకలి మీద రాసిండు. సగం కాంగనే ఎట్ల ఉరుకుతుండో" అని, తనే ఆగి అతని మీద జాలి పడేది.

పంపకాల తగాదాలతో వస్తే అన్ని పక్షాలూ కలిసి వచ్చినప్పుడే చదివేది. పాలివాళ్లందరూ ఒకే జంబుఖానా మీద కూర్చోవాలి. ఒక్కడే వచ్చి గుట్టుగా చదివించుకుపోదామంటే కుదరదు. కూర్చున్నాక కూడా వెంటనే చదవదు. తండ్రి పేరు అడుగుతుంది, తాత పేరు అడుగుతుంది. ఆ తర్వాత తాతను కన్నతల్లి పేరేమిటని అడుగుతుంది. మీసాలు మెలేసుకుంటూ ముత్తాతల పేర్లు గడగడా చెప్పినవాళ్లు అక్కడికొచ్చి నీళ్లు నమిలేవారు. "నాలుగు దిక్కుల హద్దులు యాదికున్నయి. ఆమె యాదికి లేదా?" అని మొహం మీదే అడిగేసేది. అదేదో నలుగురిలో పరువు తీయడానికి కాదు. "మొగోళ్ల పేర్లు ఇంటింటికి గవ్వే ఉంటయి. తాత పేరే మనుమనికి పెడ్తరు. ఆడదాని పేరు కలిస్తేనే ఇల్లు దొరుకుతది. ఆడదాని పేరు లేని కాగితాన్ని నమ్మొద్దు" అని నాకు చెప్పింది.

మా దిక్కు ముసలమ్మలు మొగుడి పేరు నోటితో పలకరు. ఆ పేరు మనుమడికి పెట్టుకుంటే ఆ పిల్లవాణ్ణి కూడా పేరుతో పిలవరు, పెద్దోడా అనో అయ్యా అనో అంటారు. ఆఫీసులో భర్త పేరు అడిగితే పక్కవాళ్ల మొహం చూస్తారు. ఆపా వాళ్లను పేరు చెప్పమనేదే కాదు. మంచం మీద పక్కన కూర్చుని తనే పేర్లు ఏకరువు పెట్టేది. "మల్లయ్యనా? కాదా. బాలయ్యనా? ఎంకటయ్యనా?" అసలు పేరు రాగానే ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడిపోయేది. ఆపా ఆ పేరు రాసుకునేది. ఆ సిగ్గు చూడటానికే నేను కొన్ని ఆదివారాలు వనపర్తి పోయానంటే అబద్ధం కాదు.

నేను మొదట ఆపా దగ్గరికి పోయింది మా అమ్మ కోసం. అమ్మ ఒళ్లో పిల్లగా ఉండగానే తండ్రి పోయాడు. ఇటిక్యాల దిక్కు ఏదో ఊళ్లో కాపురం చేసిన మా అమ్మమ్మ, పిల్లను ఎత్తుకుని కోడేరులో పుట్టింటికి వచ్చేసింది. తర్వాత అటువాళ్లు రాలేదు, ఇటువాళ్లు పోలేదు. బళ్లో వేసేటప్పుడు మేనమామ, తండ్రి పేరు దగ్గర తన పేరే రాయించాడు. అమ్మమ్మ మొగుడి పేరు ఎన్నడూ పలకలేదు. చిన్నప్పుడు అమ్మ అడిగితే "దేవుని పేరే" అనేదట. ఏ దేవుడని అడిగితే పొయ్యి కాడ పని చూడమనేదట. అమ్మమ్మ పోయింది, మేనమామ పోయాడు. అమ్మకు డెబ్బై దాటాయి, కన్నతండ్రి పేరు తెలియదు.

ఏడాది పొడుగునా ఇదొక బాధగా కనిపించేది కాదు. పెత్రమాస నాడు కనిపించేది. ఆ రోజు పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టి అయ్యగారికి ఇస్తారు గదా. అమ్మకు అన్నదమ్ములు లేరు, తండ్రికి తనే ఇవ్వాలి. అయ్యగారు పేరు అడుగుతాడు. అమ్మ "మా నాయిన" అంటుంది. పేరు చెప్పమ్మా అంటాడు. వరసలో వెనకున్నవాళ్లు తొంగి చూస్తారు. ఇంటికొచ్చి అమ్మ ఆ పూట అన్నం తినేది కాదు. "పేరు లేకుంటే ఎట్ల ముడ్తది? అందరి నాయినలు గాడనే ఉంటరు గద" అనేది. నేను నాగర్‌కర్నూల్లో పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. రాజుల వంశాలు బోర్డు మీద వరసగా రాస్తాను. మా తాత పేరు నాకు తెలియదు.

ఆపా ఈ కథంతా విని హుషారైంది. "కొడుకు పోయి కోడలు తల్లిగారింటికి పోయిందంటే, ముసలాయన ఊకోడు. ఏదో ఒకటి రాసే ఉంటడు. వసీయత్‌నామాలు చూద్దాం" అంది. అంటే వీలునామాలు. సెలవు దొరికినప్పుడల్లా ఆమెను గద్వాల తీసుకుపోయేదాన్ని. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత పుస్తకాలు ముందేసుకుని, భూతద్దం పట్టుకుని కూర్చునేది. నాకు విసుగొచ్చి టైం చూసుకుంటే, "సచ్చినోళ్లకు తొందర లేదు, నీకెందుకు బేటీ తొందర?" అనేది. చివరికి ఒకటి దొరికింది. పోయిన తన కొడుకు ఈరన్న భార్య ఆడపిల్లను తీసుకుని తల్లిగారింటికి పోయిందని, ఏటా పంట మీద ఆమెకు గింజలు పంపాలని ఒక పెద్దాయన రాయించాడు. ఇటిక్యాల దగ్గరి ఊరే. కోడలి పేరు మాత్రం అందులో లేదు. "ఇదే" అంది ఆపా, పుస్తకం మీద అరచేత్తో కొట్టి.

పెత్రమాస ఎంతో దూరం లేదు. ఆ ఏడు అమ్మ వరసలో నిలబడి, చివరివాళ్లకు కూడా వినపడేలా "మా నాయిన ఈరన్న" అంది. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ దగ్గర మోకాళ్ల నొప్పులు మరిచిపోయి తిరిగింది.

దసరా సెలవుల్లో నేను కోడేరులో అమ్మ దగ్గరే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆపా కోడేరు వచ్చి మా వాకిట్లో నిలబడింది. బస్సులు మారి, కుంటుకుంటూ ఒక్కతే వచ్చింది. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చెల్లె, నేను తప్పు చేసిన. ఈరన్న మీ నాయిన కాదు" అంది.

ఆ వీలునామా రాయించినాయన ఇంటివాళ్లు వేరే పని మీద ఆమె దగ్గరికి వచ్చారట. ఈరన్న కూతురు గద్వాలలో ఇంకా బతికే ఉందట. "కోడలి పేరు లేని కాగితాన్ని నమ్మొద్దని ఊరందరికి చెప్పేదాన్ని, నేనే నమ్మిన. నీ కోసం తొందరపడ్డ అని చెప్పొచ్చు. కాదు చెల్లె, నా గొప్ప కోసం" అంది.

నాకు కోపం వచ్చింది. ఫోన్లో చెబితే సరిపోయేదానికి ఇంత దూరం వచ్చి అమ్మ సంతోషం లాగేసుకోవాలా అనిపించింది. అమ్మ మాత్రం, "ఆ ఈరన్నకు పెత్రమాస గింజలు పోయినయి గద. పోనీ తియ్యి. ఆ బిడ్డ ఇస్తదో లేదో పాపం. నువ్వు ముందు కూసో, కాళ్లు వాచినయి" అంది. ఆపా కూర్చుని, కళ్లద్దాలు తీసి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదొక్కసారే చూశాను. అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తింటూ తింటూనే ఆపా మళ్లీ మొదలుపెట్టింది.

"మీ అమ్మ తోడబుట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"చిన్నమ్మ ఉంది, పాన్‌గల్ల. ఎప్పుడో అడిగిన. తెల్వదన్నది. బావ అనే పిలిచేదట. బావను బావ అంటరు గాని పేరు పెట్టి పిలుస్తరా అన్నది."

"తెల్వదన్నోళ్ల దగ్గరికే పోవాలె" అంది ఆపా.

చలికాలంలో ముగ్గురం పాన్‌గల్ పోయాం. అమ్మ చిన్నమ్మ, అంటే మా చిన్నమ్మమ్మ, బాగా పండిపోయిన మనిషి. చెవులు మాత్రం గట్టివే. వాకిట్లో నులకమంచం మీద ఎండకు కూర్చుని ఉంది. ఆపా పక్కన చేరి కులాసా కబుర్లు చెప్పి, మెల్లగా ఏకరువు మొదలుపెట్టింది. నర్సింహులా? హన్మంతా? జమ్ములయ్యనా? ఒక్కో పేరుకూ చిన్నమ్మమ్మ ఈగను తోలినట్టు చెయ్యి విసిరి "కాదు" అంటోంది.

"తిమ్మప్పనా?" అంది ఆపా.

చిన్నమ్మమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

నాకు నవ్వొచ్చింది. "ఆపా, తిమ్మప్ప అంటే ఈమె భర్త. నా చిన్నతాత. వేరేది అడుగు" అన్నాను. చిన్నతాత పోయి చాలా ఏళ్లయినా పాన్‌గల్లో ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. ఊరంతా తిమ్మప్పా తిమ్మప్పా అని కేకేసి పిలుచుకున్న మనిషి.

"నువ్వు ఆగు" అంది ఆపా. చిన్నమ్మమ్మ వీపు మీద చెయ్యి వేసింది. "అన్నిటికి కాదన్నవు. దీనికి కాదనలేదు. ఇద్దరు సడ్డకులది ఒక్కటే పేరా అమ్మా?"

తోడల్లుళ్లిద్దరిదీ ఒకే పేరు. అది మాకెవరికీ తట్టలేదు. చిన్నమ్మమ్మ ఇటు తిరిగేసరికి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "నా నోటెంబడి ఎట్ల వస్తది ఆపా? ఇంటాయన పేరాయె" అంది.

"మరి తెల్వదని ఎందుకన్నవే చిన్నమ్మా?" అని అడిగింది అమ్మ.

"చెప్పరానిదాన్ని తెల్వదనే అంటరు బిడ్డా. ఇంకేమంటరు?"

అమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎన్నో సెలవులు గడిపింది. ఆ పేరుతో ఊరు పిలుస్తుంటే రోజూ విన్నది. "ఎవరన్న చిన్నాయనను పిలుచుకుంట వస్తే మా అమ్మ కొట్టంలకు పోయి కూసుండేది. ఎందుకో అనుకుంటుంటి" అంది. అంత గొప్పలు చెప్పుకునే ఆపా, ఆ రోజు తిరుగు బస్సులో ఒక్క ముక్క కూడా తన గురించి అనలేదు.

పేరు దొరికాక ఊరు దొరకడం పెద్ద కష్టం కాలేదు. పాత పహాణీల్లో, అంటే భూమి లెక్కల పుస్తకాల్లో, తిమ్మప్ప, పక్కనే 'వల్ద్' అని ఆయన తండ్రి పేరు. ఆ తండ్రి రాయించిన వీలునామా గద్వాలలోనే, ఆపా ముందు తిరగేసిన పుస్తకాల వరసలోనే ఉంది. ఈరన్న దొరకగానే చూడటం మానేసింది గనక కంట పడలేదు. ఎండాకాలంలో నకలు తీసుకుని వనపర్తి పోయాం. ఆపా జంబుఖానా పరిచి అమ్మను కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుంది. కొత్త నకలుకు వాసన ఏముంటుంది, అయినా చూసింది.

"నా కొడుకు తిమ్మప్ప కాలం చేసిండు. ఆయన భార్య బాలమ్మ, ఒక ఆడపిల్లతోని కోడేరుల తల్లిగారింట్ల ఉంది. బావికాడి చెలక మీద వచ్చింది ఆ పిల్ల పెండ్లికి ఖర్చు పెట్టాలె" అని చదివింది. బాలమ్మ మా అమ్మమ్మ పేరు. ఆపా అక్కడ ఆగి, భూతద్దం పెట్టి ఆ పేరును మళ్లీ చూసుకుంది. ఈసారి అరచేత్తో కొట్టలేదు.

"మరి ఆ చెలక భూమి ఏమైనట్టు?" అన్నాను నేను. అమ్మ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

"ఆపా, పిల్ల పేరు రాసిండా?" అని అడిగింది అమ్మ.

ఆపా కిందా మీదా వెతికింది. ఉందని చెబితే కాదనడానికి అక్కడ ఎవరూ లేరు. "లేదు చెల్లె. ఆడపిల్ల అని మాత్రమే ఉంది" అంది.

"ఆడపిల్ల అంటే నేనే గద" అంది అమ్మ. తిమ్మప్ప అన్న మాట ఎక్కడుందో చూపించమంది. ఆపా వేలు పెట్టి చూపించింది. అమ్మ తన వేలు దాని మీద పెట్టి, ఎటునుంచి ఎటు రాస్తారో అడిగి, కుడి నుంచి ఎడమకు మెల్లగా దిద్దింది.

వానాకాలంలో ఆపా పోయింది. నిద్రలోనే పోయిందని వాళ్ల అన్న కొడుకు ఫోన్ చేశాడు. నేను పోయేసరికి ఖననం అయిపోయింది. ఇంట్లో ఒక మూల జంబుఖానా చుట్టి పెట్టి ఉంది, దాన్ని చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. అది ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన పెత్రమాసకు అమ్మ మూడు పళ్లాలు సర్దింది. వరసలో మా వంతు వచ్చింది. మొదటి పళ్లెం ముందుకు జరిపి, "మా నాయిన, తిమ్మప్ప" అంది. ఆ మాట అనేటప్పుడు అమ్మ మొహం చూసి నేను తల దించుకున్నాను. రెండో పళ్లెం ఈరన్నకు. ఆయనెవరమ్మా అన్నాడు అయ్యగారు. "పోయినేడు ఇచ్చిన. ఇయ్యేడు ఇయ్యకుంటే ఎదురుసూస్తడు" అంది అమ్మ.

మూడో పళ్లెం దగ్గర అయ్యగారు "పేరు?" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"ఆపా పేరేందే?"

నాకు తెలియదు. అన్ని ఆదివారాలు ఆమె ఎదురుగా కూర్చున్నాను. నా ఫోన్లో కూడా 'ఉర్దూ ఆపా' అనే ఉంది. "ఆపా అనే చెప్పమ్మా" అన్నాను మెల్లగా.

"ఆపా అంటే అక్క అని గద. ఎంతమంది అక్కలుంటరు గాడ? కనుక్కో" అంది అమ్మ, పళ్లెం వెనక్కి తీసుకుని.

వెనక వరస ఆగిపోయింది. నేను పక్కకు వెళ్లి వనపర్తికి, వాళ్ల అన్న కొడుక్కి ఫోన్ చేశాను. అతను ఎందుకని అడిగాడు, చెప్పాను. తర్వాత పూర్తి పేరు చెప్పాడు. పెద్ద పేరు. వచ్చి అమ్మ చెవిలో చెప్పాను.

"అమ్మా, వాళ్లల్ల ఈ పద్ధతి ఉండదు గదా" అన్నాడు అయ్యగారు ఇబ్బందిగా.

"లేకుంటే లేకపాయె. నేనిస్తున్న గద."

"గోత్రం?"

"అదంత తెల్వదు. ఊరు వనపర్తి."

అమ్మ పేరు అందుకుంది. నాలుక తిరగలేదు, సగంలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తప్పు పోయింది. నేను చెప్పబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. గుక్క తిప్పుకుని, ఈసారి ఒక్కో ముక్కా విడదీసి, వరస చివరిదాకా వినపడేలా ఆ పేరు మొత్తం పలికింది. అయ్యగారు పళ్లెం అందుకున్నాడు.